కొండల్లో సైకిలు తొక్కుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ఉంటాం. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, ఇప్పుడు తొమ్మిదో తరగతి. చిన్నప్పటి నుంచి మెతక పిల్ల. పన్నెండో ఏట కూచిపూడి ప్రదర్శనలో అడుగు మరచిపోయి వేదిక మీదే నిలబడిపోయింది. ఆ తరవాత నాట్యం మానేసింది. నలుగురూ చూసే పని ఏదైనా సరే తప్పించుకుంటోంది. తెలిసిన జవాబు కూడా తరగతిలో చెప్పదని టీచర్లు అంటున్నారు. అలాంటి పిల్ల ఈ మధ్య తనే వచ్చి బడిలోని మౌంటెన్ బైకింగ్ జట్టులో చేరతానని అడిగింది. మావారికి ఎముకలు విరుగుతాయని భయం. టెన్నిస్ అయితే సరే అంటున్నారు. గుంటూరులో ఉన్న మా అత్తమామలు ‘ఆడపిల్లకు కొండల్లో సైకిలేమిటి’ అంటున్నారు. ఈ ఆట పిల్లల్లో ఆత్మవిశ్వాసం, నాయకత్వం పెంచుతుందని ఆ జట్టు పిల్లల తల్లిదండ్రులు చెబుతున్నారు. నిజమేనా? కాలేజీ దరఖాస్తుకు పనికొస్తుందా? పంపమంటారా?
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా, పంపండి. మీ ఉత్తరంలో ఒక మాట మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసినట్టున్నారు: తనే వచ్చి అడిగింది. రెండేళ్ళుగా ప్రతి పనికీ ముఖం చాటేస్తున్న పిల్ల, ఎవరూ నెట్టకుండా, తనకు ఒకటి కావాలని ఇంట్లో పెద్దల ముందు నోరు తెరిచి చెప్పింది. మీరు వెతుకుతున్న ధైర్యం ఆమె సైకిలెక్కక ముందే కొంత బయటికి వచ్చింది. దానికి ‘వద్దు, టెన్నిస్ ఆడుకో’ అని జవాబిస్తే ఆమె మనసులో మిగిలేది అడిగి లాభం లేదన్న సంగతే.

టీనేజీ పిల్లలతో, వాళ్ళ తల్లిదండ్రులతో మాట్లాడడం నా వృత్తి. ఇలాంటి ఒక జట్టుకు వాలంటీరుగా కూడా సాయపడుతుంటాను. కాబట్టి ఈ ఆట ఇచ్చేది ఏమిటో, ఇవ్వలేనిది ఏమిటో దగ్గరగా చూసే చెబుతున్నాను.

ముందుగా ఆ వేదిక సంగతి. నాట్యంలో తప్పు జరిగితే పాట ఆగదు, తాళం ఆగదు, వందమంది కళ్ళు ఆమె మీదే ఉంటాయి. పన్నెండేళ్ళ పిల్ల ఆ నిమిషం నుంచి ‘నేను నలుగురి ముందు నిలబడలేను’ అని తేల్చేసుకుంది. కొండదారిలో తప్పు చేయడం వేరుగా ఉంటుంది. అక్కడ చక్రం జారినా, కాలు కింద పెట్టినా, పొదలోకి పోయినా చూసేది వెనక వచ్చే ఇద్దరో ముగ్గురో. వాళ్ళు కూడా కిందటి మలుపులో అదే పని చేసి వచ్చినవాళ్ళు. మోకాలు దులుపుకుని మళ్ళీ ఎక్కితే, తరవాతి మలుపు వచ్చేసరికి పాత తప్పు గురించి ఆలోచించే తీరికే ఉండదు. పోటీల్లో కూడా జనం ఉండేది బయలుదేరే చోటా, గీత దాటే చోటా. మిగతా దారంతా చెట్లూ గడ్డీ. జనం చూపుకు దెబ్బతిన్న పిల్ల, శరీరంతో కష్టపడి నేర్చుకునే పనినే మళ్ళీ కోరుకుంటూ, చూపులు తక్కువగా ఉన్న చోటును ఎంచుకుంది. ఆ ఎంపికలో చాలా తెలివి ఉంది. మీవారు టెన్నిస్ మంచి మనసుతోనే చెప్పారు. కానీ టెన్నిస్‌లో ప్రతి పాయింటూ ఎదుటివాళ్ళ కళ్ళముందే పోతుంది, వరసగా రెండు సర్వులు తప్పితే కోర్టంతా నిశ్శబ్దంగా చూస్తుంది. ఈ పిల్లకు ఇప్పుడది సరిపడదు.

ఇక ఆత్మవిశ్వాసం. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లో ఈ విషయం మీద ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఒక పని నేను చేయగలను అన్న నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందన్నారు. స్వయంగా చేసి గెలవడం ఒకటి. తనలాంటి మరొకరు చేయడం చూడడం రెండోది. ‘నువ్వు చేయగలవు’ అని ఇతరులు చెప్పడం మూడోది. గుండె దడ, చెమట, వణుకు వంటి శరీర సంకేతాలను మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది నాలుగోది. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదే. తల్లిదండ్రులుగా మనం మాత్రం మూడోదాన్నే పట్టుకుని వేలాడతాం. ఈ రెండేళ్ళలో ‘నీకేమమ్మా, బంగారుతల్లివి, అన్నీ వచ్చు నీకు’ అని మీరు ఎన్నిసార్లు అన్నారో నేను ఊహించగలను. ఆ మాటలు ప్రేమతో అన్నవే. కానీ పిల్ల దగ్గర వాటికి సాక్ష్యం లేదు.

ఆ సాక్ష్యం కొండ మీద దొరుకుతుంది. గులకరాళ్ళు పరుచుకున్న ఎత్తు ఒకటి ఉందనుకోండి. మొదటివారం సగం దూరంలోనే వెనక చక్రం జారి కాలు కింద పెడుతుంది. బరువు కాస్త ముందుకు జరిపి, గేరు ముందే తగ్గించి, సీటు అంచున కూర్చుని తొక్కాలని కోచ్ చెబుతారు. రెండోవారం ఇంకో నాలుగు గజాలు. ఒకరోజు పైదాకా వెళ్ళిపోతుంది. ఆ రోజు ఎవరూ చప్పట్లు కొట్టనక్కరలేదు, గ్రేస్ మార్కులు కలపనక్కరలేదు. కిందటి వారం రాలేదు, ఈ వారం వచ్చింది, ఎందుకు వచ్చిందో కూడా ఆమెకు తెలుసు. నాలుగో దారి సంగతీ ఇక్కడే ఉంది. దిగుడు ముందు గుండె కొట్టుకోవడం మామూలేనని, అందరికీ అలాగే ఉంటుందని, ఆ దడతోనే దిగవచ్చని ఆమె ఒంటికి తెలుస్తుంది. వేదిక మీద ఆ దడకు ఆమె వేరే అర్థం చెప్పుకుంది కదా.

తల్లిదండ్రులు తరచు అపోహపడే విషయం ఒకటి ఇక్కడ ఉంది. ఈ ఆట ధైర్యవంతుల ఆట అనీ, కళ్ళు మూసుకుని దూకేవాళ్ళే ఇందులో రాణిస్తారనీ అనుకుంటారు. మంచి జట్టులో సాధన చూస్తే అది నిజం కాదని తెలుస్తుంది. మొదటి వారాలు గడ్డిమైదానంలోనో ఖాళీ పార్కింగ్ స్థలంలోనో గడుస్తాయి. పెడల్స్ రెండూ సమానమైన ఎత్తులో ఉంచి వాటి మీద లేచి నిలబడడం, మోచేతులు కాస్త బయటికి వంచడం, ఒక్కో వేలితో బ్రేకు పట్టడం, మలుపులోకి వెళ్ళాక కాకుండా మలుపు ముందే వేగం తగ్గించుకోవడం, ఇవన్నీ నేర్పుతారు. అన్నిటికంటే ముఖ్యంగా చూపు. రాయిని చూస్తూ ఉంటే సైకిలు ఆ రాయి మీదికే పోతుంది, వెళ్ళవలసిన దారిని చూస్తే అటే పోతుంది. ఇది సామెత కాదు, సైకిలు మీద నిజంగా జరిగే పని. తల ఎటు తిరిగితే భుజాలూ నడుమూ అటే తిరుగుతాయి.

తరవాత కొండ మీద కష్టమైన చోటు వచ్చినప్పుడు జట్టు ఆగుతుంది. పిల్లలు సైకిళ్ళు పక్కన పెట్టి నడిచి చూస్తారు. ఏ రాయి కదులుతోంది, ఏ వేరు తడిగా ఉంది, ఎడమ నుంచి పోతే ఎక్కడ తేలతాం, కుడి నుంచి పోతే ఎక్కడ చిక్కుకుంటాం అని వాదించుకుంటారు. అప్పుడు ఒక్కొక్కరూ ఎవరికి వాళ్ళు నిర్ణయించుకుంటారు: తొక్కుతానా, నడుస్తానా. నడవడం అక్కడ చిన్నతనం కాదు. ‘ఈరోజు నేను నడిచి దిగుతాను’ అని గట్టిగా చెప్పగలగడం, చెప్పాక దానికి ఎవరూ నవ్వకపోవడం, నన్నడిగితే ఈ ఆటలో అన్నిటికంటే విలువైన భాగం. మన ఇళ్ళలో పద్నాలుగేళ్ళ పిల్లలకు స్వయంగా తేల్చుకునే విషయాలు ఎన్ని ఉన్నాయి? ట్యూషన్ మనమే చూస్తాం, క్లాసులు మనమే ఎంచుతాం, వేసవి సెలవుల పట్టిక కూడా మనమే రాస్తాం. ఆ రాళ్ళ ముందు మాత్రం మీరు ఉండరు. ప్రమాదం ఎంతో, తన చేతనైనది ఎంతో తనే తూచుకోవాలి. కొన్నిసార్లు తూకం తప్పుతుంది, మోచెయ్యి గీరుకుంటుంది. తరవాత ఇంకొంచెం బాగా తూస్తుంది. దగ్గరలో శిక్షణ పొందిన పెద్దలు ఉండి, పిల్ల సొంతంగా తీర్పు చెప్పుకునే ఇలాంటి సందర్భం ఆ వయసుకు ఎంతో అవసరం.

ఈ ఆట మీ ఇంటికి పరాయిది కూడా కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి అవతల మెరిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర, 1976లో కొంతమంది కుర్రాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళు వేసుకుని కొండ దిగే పందేలు మొదలుపెట్టారు. వెనక చక్రంలోని బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు పొగలై పోయేది. ప్రతిసారీ మళ్ళీ గ్రీజు కూరాల్సి రావడంతో ఆ దారికి ‘రీప్యాక్’ అనే పేరు వచ్చింది. మరుసటి సంవత్సరం జో బ్రీజ్ కొండల కోసమే ప్రత్యేకంగా ఫ్రేము తయారుచేశారు. ఇరవై ఏళ్ళు తిరగకుండా, 1996 అట్లాంటాలో, ఇది ఒలింపిక్స్‌లోకి వెళ్ళింది. సొంతంగా విప్పి, సొంతంగా బిగించుకునే అలవాటు మొదటి నుంచీ ఈ ఆటలో ఉంది. మీ అమ్మాయి కూడా గాలి, బ్రేకులు, చైను చూసుకోకుండా బయలుదేరదు. పంక్చర్ పడితే టైరు విప్పి ట్యూబు మార్చడం నేర్చుకుంటుంది.

బడి జట్ల కథ కూడా మీ పక్కనే మొదలైంది. బర్కిలీ హైస్కూల్లో లెక్కలు చెప్పే మాట్ ఫ్రిట్జింగర్ 1998లో పిల్లల సైకిలు జట్టు ఒకటి కట్టారు. 2001లో ఉత్తర కాలిఫోర్నియా బడుల లీగ్ ఏర్పడింది. 2009లో నైకా అనే జాతీయ సంఘం వచ్చింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో లీగులు ఉన్నాయి. వీళ్ళు మొదటి నుంచీ పట్టుకున్న నియమం ఒకటి ఉంది: ఎవరినీ బెంచీ మీద కూర్చోబెట్టకూడదు. పదకొండు మందినే ఆడించి మిగిలినవాళ్ళ చేత నీళ్ళ సీసాలు మోయించే పద్ధతి ఇక్కడ లేదు. పోటీకి వచ్చిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ గీత దగ్గర నిలబడి బయలుదేరతారు. జట్టు మార్కుల్లో అమ్మాయిల ఫలితాలు కూడా కలుస్తాయి. అందువల్ల అమ్మాయిలు లేని జట్టుకు అది నష్టం. ఆడపిల్లలను తీసుకురావడానికి, నిలుపుకోవడానికి వాళ్ళకు ప్రత్యేకంగా కార్యక్రమం ఉంది. మీ అమ్మాయి అడుగుపెట్టేసరికి ఆ జట్టులో రెండో మూడో ఏడు నడుస్తున్న అమ్మాయిలు ఉంటే చాలా మంచిది. బాండూరా చెప్పిన రెండో దారి అదే: తనలాంటి పిల్ల దిగడం కళ్ళారా చూస్తుంది. ఎంతమంది అమ్మాయిలు ఉన్నారు, ఆడ కోచ్‌లు ఉన్నారా అని ముందుగానే అడగండి.

నాయకత్వం గురించి అడిగారు. కెప్టెన్ పదవి దొరుకుతుందా అన్నది మీ మనసులో ఉంటే దాన్ని పక్కన పెట్టండి. సాధనకు వెళ్ళే గుంపులో ముందు ఒకరు, అందరికంటే వెనక ఒకరు ఉంటారు. వెనక వచ్చేవాళ్ళను స్వీప్ అంటారు. స్వీప్ ఎవరినీ దాటకూడదు. ఎవరి చైను జారినా ఆగాలి, ఎవరు ఏడుపు ముఖం పెట్టినా పక్కన నిలబడాలి. ముందున్నవాళ్ళు దారి చీలిన ప్రతి చోటా ఆగి, చివరి సైకిలు వచ్చేదాకా వేచి ఉండాలి. వచ్చీ రాగానే బయలుదేరిపోకూడదు. చివర వచ్చిన పిల్లకు కూడా ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. వేగంగా తొక్కే పదిహేనేళ్ళ కుర్రాడికి ఇది నేర్పడం ఎంత కష్టమో దగ్గరుండి చూశాను. నేర్చుకున్నాక అతను మారిన తీరూ చూశాను. పాత పిల్లలకు ఈ రెండు బాధ్యతలూ పెద్దల పక్కనే ఉండి కొద్దికొద్దిగా అప్పగిస్తారు. మీ అమ్మాయి లాంటి పిల్లలు స్వీప్‌గా అద్భుతంగా రాణిస్తారు. భయం ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు కాబట్టి ఆరో తరగతి పిల్ల దిగుడు ముందు ఆగిపోతే ఏమి అనాలో, ఏమి అనకూడదో వాళ్ళకు చెప్పనక్కరలేదు. నోరు తెరవని పిల్ల అక్కడ మాట్లాడుతుంది, ఎందుకంటే ఎదుటి మనిషికి ఆ మాట అవసరం.

మీ ఊరి పక్కన ప్లెజంటన్ రిడ్జ్ ఉంది కదా, అక్కడ ఆవులు మేస్తుంటాయి. గేటు తెరిస్తే మళ్ళీ వేయాలి. నడిచేవాళ్ళకు, గుర్రాల మీద వచ్చేవాళ్ళకు దారి ఇవ్వాలి. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళ కోసం ఆగాలి. వాన పడ్డాక బంకమట్టి మీద తొక్కితే గాళ్ళు పడి దారి పాడవుతుంది కాబట్టి ఆ రోజు సాధన మానుకోవాలి. ఎవరూ చూడకపోయినా పాటించాల్సినవి ఇవి. చాలా జట్లు దారుల మరమ్మతు పనికి కూడా పిల్లలను తీసుకువెళ్తాయి. పలుగూ పారా పట్టుకుని, వాననీరు దారి వెంట పారకుండా పక్కకు జారిపోయేలా ఏటవాలు చెక్కుతారు. తాము చెక్కిన చోట చలికాలం వానలు దాటి దారి నిలబడిందా లేదా అని మళ్ళీ వెళ్ళి చూసుకునే పిల్లలను చూస్తే నాకు చెప్పలేనంత సంతోషం. నాయకత్వ శిబిరాలకు వేల డాలర్లు కట్టే తల్లిదండ్రులకు నేను ఈ పనే సూచిస్తాను.

ఇందాక చెప్పిన ఉత్తర కాలిఫోర్నియా లీగ్ నుంచి ఎదిగిన కేట్ కోర్ట్నీ 2018లో మౌంటెన్ బైకింగ్ క్రాస్‌కంట్రీ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. సంతోషమే. కానీ మీ అమ్మాయి దగ్గర ఆ పేరు ఎత్తకండి. ఆమెకు ఇప్పుడు ఎదురుగా పెట్టాల్సింది శిఖరం కాదు, వచ్చే మంగళవారం సాధన.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఒక పనిలో వచ్చిన నమ్మకం ఇంకో పనిలోకి దానంతట అది రాదు. రాళ్ళ దిగుడు దిగినంత మాత్రాన మరునాడు తరగతిలో చెయ్యి ఎత్తుతుందని ఆశపడకండి. ‘అంత కొండ దిగావు, ఇంత చిన్న జవాబు చెప్పలేవా’ అని మాత్రం ఎప్పుడూ అనవద్దు. ఆ ఒక్క మాటతో సైకిలు కూడా పరీక్ష అయిపోతుంది. కొన్ని నెలల తరవాత, ఆమె మంచి మనసుతో ఉన్నప్పుడు, ఆ కష్టమైన చోటు ఎలా నేర్చుకున్నావో చెప్పమని అడగండి. నడిచి చూడడం, ముక్కలు చేసుకోవడం, ఒక్కో ముక్కా సాధన చేయడం అని తన నోటితో చెబుతుంది. ఆ పద్ధతిని ఎక్కడ వాడుకోవాలో తనే కనిపెట్టుకునే అవకాశం ఉంది. కనిపెట్టుకోకపోయినా నష్టం లేదు.

ఇప్పుడు మీవారి భయం. దాన్ని కొట్టిపారేయకండి. ఈ ఆటలో పడతారు. ఎక్కువగా గీరుకోవడాలు, కమిలిన దెబ్బలు. అప్పుడప్పుడు మణికట్టు, భుజం ఎముక. తలకు తగిలే దెబ్బను అన్నిటికంటే గంభీరంగా తీసుకోవాలి. లీగ్ నియమాల ప్రకారం కోచ్‌ల నేపథ్యం తనిఖీ చేస్తారు, కంకషన్ (తల అదిరి మెదడుకు తగిలే దెబ్బ) గుర్తించే శిక్షణ ఇస్తారు. తల అదిరిందని అనుమానం వచ్చినా ఆ రోజు ఇక తొక్కనివ్వరు, డాక్టరు రాతపూర్వకంగా అనుమతిస్తేనే తిరిగి చేర్చుకుంటారు. అయినా కాగితం మీది నియమం చూసి ఊరుకోవద్దు. జట్టు కోచ్‌ను కలిసి కొన్ని ప్రశ్నలు మీరిద్దరూ నేరుగా అడగండి. ఒక్కో గుంపులో పిల్లలెంతమంది, పెద్దలెంతమంది? ఫోను అందని చోట ఎవరైనా పడితే ఏమి చేస్తారు? కొత్త పిల్లలను మొదటి నెల ఎక్కడ తిప్పుతారు? దిగనని పిల్ల అంటే ఏమంటారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు విని నిర్ణయించుకోండి. ‘మేము నెడతాం, భయం పోతుంది’ అన్నారంటే ఇంకో జట్టు చూడండి. ఒక్క పెద్ద మనిషి ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండకూడదనే నియమం పాటిస్తున్నారా అని కూడా అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు, మంచి కోచ్ ఆ ప్రశ్నకు సంతోషిస్తారు. ఎండకాలంలో నీళ్ళు, రాటిల్ పాములు, తాకితే దద్దుర్లు తెచ్చే పాయిజన్ ఓక్ మొక్క, వీటి గురించి వాళ్ళు మొదటిరోజే చెప్పాలి.

మీవారికి ఇంకో పని అప్పగించండి. ఈ పోటీలు వాలంటీర్ల మీదే నడుస్తాయి. దారి పక్కన జెండా పట్టుకుని నిలబడే కోర్స్ మార్షల్ పనికి మనుషులు ఎప్పుడూ చాలరు. ఒకరోజు వెళ్ళి దిగుడు కింద నిలబడమనండి. వందలమంది పిల్లలు ఆయన ముందు నుంచి వెళ్తారు. ఎవరు ఎలా పడతారో, ఎలా లేస్తారో, లేచాక పోటీలో తమను దాటిపోతున్న పిల్ల కూడా ‘బాగానే ఉన్నావా’ అని ఎలా అడిగి వెళ్తుందో చూస్తారు. ఊహలో ఉన్న భయం కంటే కళ్ళతో చూసిన ప్రమాదంతో మాట్లాడడం తేలిక. తిరిగి వచ్చాక కూడా ఆయన వద్దంటే అప్పుడు ఆ మాటకు బరువు ఉంటుంది, అప్పుడు మళ్ళీ కూర్చుని మాట్లాడుకోండి.

మీ మామగారితో వాదన పెట్టుకోకండి. ఆయన సైకిలు ఎలా నేర్చుకున్నారో అడగండి. ఆ తరంలో చాలామంది గంటకింతని అద్దె కట్టి, తమ ఎత్తుకు మించిన పెద్ద సైకిలు తెచ్చుకుని, సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కినవాళ్ళే. మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంటుంది. పిల్లనే ఫోనులో ఆ కథ అడగమనండి. ఆడపిల్ల సంగతి అంటారా, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ బడికి సైకిలు మీద వెళ్ళే ఆడపిల్లలు ఊరూరా ఉన్నారు. హైస్కూలు అమ్మాయిలకు ప్రభుత్వమే సైకిళ్ళు పంచిన రోజులు ఆయనకూ గుర్తుంటాయి. అత్తగారి మనసులో ఉన్నది బహుశా గాయపు మచ్చలు, రేపు పెళ్ళి. ఆ మాట ఆవిడ నేరుగా అంటే మీరూ నేరుగా జవాబు చెప్పండి. అది మీ పిల్ల చెవిన పడకుండా చూడండి.

కాలేజీ దరఖాస్తు విషయంలో నా జవాబు చిన్నది. ఇష్టపడి నాలుగేళ్ళు చేసిన పని ఏదైనా దరఖాస్తులో దానంతట అదే కనిపిస్తుంది. దాని కోసమే చేయిస్తే పదో తరగతికే వదిలేస్తుంది.

అసలు కష్టమంతా మీకే ఉంది. మొదటిరోజు దింపాక అక్కడే కారులో కూర్చుని చూడకండి. ఇంటికి వెళ్ళండి. సంచి ఆమెనే సర్దుకోనివ్వండి. నీళ్ళ సీసా మరచిపోతే ఒకరోజు ఇంకొకరిని అడిగి తాగుతుంది. సాధనకు రాలేనని చెప్పాల్సి వస్తే కోచ్‌కు ఆమే రాయాలి. తిరిగి వచ్చేటప్పుడు కారులో ‘ఎన్నో స్థానం వచ్చింది, ఎవరు ముందు, ఎవరు వెనక’ అని అడగకండి. ఏమీ అడగకపోయినా ఫరవాలేదు, ఆకలితో ఉంటుంది, తినడానికి ఏదైనా పెట్టండి. పోటీల్లో సహాయం చేయాలనిపిస్తే భోజనాల గుడారంలో చేయండి. మీరు కోచ్ శిక్షణ తీసుకుని ఆమె గుంపులోనే వెనక వెళ్ళాలన్న ఆలోచన వస్తే, మొదటి ఏడాది మానుకోండి.

ఒక విషయం మరీ గట్టిగా చెబుతున్నాను. వీడియోలు తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మీకు గర్వంగా ఉంటుంది, గుంటూరులో అందరూ చూడాలనిపిస్తుంది. కానీ ఈ పిల్ల పారిపోయి వచ్చింది ఆ చూపుల నుంచే. ఆ గ్రూపులో పెదనాన్నలూ అత్తయ్యలూ దీవెనలూ చప్పట్లూ పంపినా సరే, మళ్ళీ అది వేదికే అవుతుంది. ఆమె తనంతట తాను ఏదైనా ఫొటో పంపమంటే అప్పుడు పంపండి.

మధ్యలో మానేస్తానంటే ఏమి చేయాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. కాలిఫోర్నియాలో సాధన చలికాలంలో మొదలై పోటీలు వసంతంలో జరుగుతాయి. చలి, బురద, తొందరగా పడే చీకటి, ఆ మొదటి నెల ఎవరికైనా విసుగే. కనీసం మొదటి పోటీ దాకా ఉండి అప్పుడు నిర్ణయించుకుందామని ముందే ఒప్పందం చేసుకోండి. పోటీ చేయకుండా సాధనకు మాత్రమే రావచ్చా అని కోచ్‌ను అడగండి, చాలా జట్లు ఒప్పుకుంటాయి. ఏడాది చివర ఆమె ఇక వద్దంటే కారణం విని వదిలేయండి. నాట్యాన్ని పారిపోయి వదిలింది; దీన్ని ఆలోచించి వదిలితే అది కూడా ముందడుగే.

ఇక సైకిలు. ఇప్పుడే కొత్తది కొనకండి. అరువుకు సైకిళ్ళు ఇచ్చే జట్లు ఉన్నాయి, ఖర్చు భరించలేని పిల్లలకు లీగ్ సాయం కూడా ఉంటుంది. కొన్ని వారాలు అరువు సైకిలు మీద తిరిగాక, ముందు వైపు మాత్రమే సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు ఉన్న సాదా సైకిలు సరిపోతుంది. సెకండ్‌హ్యాండ్‌దయినా పనికొస్తుంది, ఫ్రేము ఆమె ఎత్తుకు సరిపోవడం ముఖ్యం. ఎదుగుతుంది కదా అని పెద్దది తీసుకోకండి, అదుపు దొరకదు. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి, తలకు బిగుతుగా సరిపోయేది చూసి. గట్టిగా పడి తలకు తగిలిందంటే, పగులు కనిపించకపోయినా, దాన్ని పారేసి ఇంకొకటి తీసుకోండి. దుకాణానికి ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళి, కావలసిన ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి.